ఏం చెబుతున్నాను?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఏడాదిగా ఒక ఇబ్బంది. పాఠం మధ్యలో ఎవరైనా లేచి ‘మేడమ్, నీళ్లు తాగొస్తా’ అంటే చాలు, ఎక్కడిదాకా చెప్పానో మర్చిపోతున్నా. ఇంట్లోనూ ఏదో చెప్పబోయి ‘ఏం చెబుతున్నాను?’ అని ఆగిపోతున్నా. మా నాయనమ్మకు చివరి రోజుల్లో మతిమరుపు ఉండేది. నాకూ అదే మొదలైందా?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: మీరు ఆగిపోయినప్పుడు ముందు బెంచీలో పిల్ల ‘అశోకుడి దగ్గర ఆపారు మేడమ్’ అని అందిస్తే, మళ్లీ అందుకుని గంట కొట్టేదాకా చెప్పగలుగుతున్నారా? అయితే పాఠం మీ మెదడులో భద్రంగానే ఉంది. జారిపోయింది చేతిలో ఉన్న కొస మాత్రమే. ఆ కాసేపూ కొసను పట్టి ఉంచే శక్తినే వర్కింగ్ మెమరీ అంటాం.

వంటింటితో పోల్చుకోండి. జీవితమంతా నేర్చుకున్నవి సామాన్ల అల్మరాలో ఉంటాయి. ఇప్పుడు వండే కూరకు కావలసినవే గట్టు మీదికొస్తాయి. ఆ గట్టు చాలా చిన్నది. ఏడు అంశాలు, అటూ ఇటూగా రెండు పడతాయని 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ అన్నారు. నిజానికి దాదాపు నాలుగేనని 2001లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ లెక్క తేల్చారు. మరి పదంకెల ఫోన్ నంబరు ఎలా పడుతోంది? ఐదైదుగా విరిచి చెప్పుకుంటాం కాబట్టి. పోపుల డబ్బాలో ఎన్ని గిన్నెలున్నా గట్టు మీద తీసుకునేది ఒక్క డబ్బా చోటే కదా!

మాటల్లో ఈ గట్టుకు పని మరీ ఎక్కువ. తెలుగులో క్రియ చివర్న వస్తుంది. ‘నిన్న మీ తమ్ముడు అడిగిన డబ్బు నేను వాడికి...’ అన్నాక ‘ఇచ్చాను’ అంటారో ‘ఇవ్వలేదు’ అంటారో తేలేదాకా వినేవారు వాక్యమంతా మోస్తూనే ఉండాలి. చెప్పేవారు మొదలుపెట్టింది మర్చిపోకుండా తర్వాతి మాట వెతుక్కోవాలి. విన్న మాటలను మనసులో తిప్పుకోకపోతే కొద్ది సెకన్లలోనే చెరిగిపోతాయి. మధ్యలో ఇంకో మాట వచ్చి పడితే ఉన్నది పక్కకు పోతుంది. మీ తరగతిలో నీళ్ల కోసం లేచిన పిల్లాడు చేసిందదే.

అవధానంలో అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పనీ అదే. అయినా అవధాని చెదరరు. ఆయన గట్టు మనకన్నా పెద్దదని కాదు. ఛందస్సు మీద పట్టు, ఏళ్ల సాధన కలిసి పద్యపాదం మొత్తాన్ని ఒక్క డబ్బాలో సర్దిపెడతాయి.

మీ వయసులో గట్టును ఇరుకు చేసేవి చాలానే ఉన్నాయి. నిద్ర చాలకపోవడం, దిగులు, ఆందోళన, నెలసరి ఆగిపోయే ముందు వచ్చే మార్పులు, థైరాయిడ్ లోపం, రక్తహీనత, బి12 తగ్గడం. శాకాహారుల్లో, షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఎక్కువ. నిద్రమాత్రలు, జలుబుకు వాడే మత్తు కలిగించే మాత్రలూ ఇలాగే చేస్తాయి. మీ డాక్టరును కలిసి థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు చేయించుకోండి. వాడుతున్న మందులన్నీ చూపించండి.

తరగతిలో పాఠంలోని నాలుగు ముఖ్యాంశాలు బోర్డు మూలన రాసి పెట్టుకోండి. ఎవరైనా లేస్తే చేత్తో ఆగమని సైగ చేసి, వాక్యం పూర్తిచేశాకే బదులివ్వండి. జ్ఞాపకశక్తి పెంచుతామనే ఫోన్ ఆటలకు డబ్బు పోయకండి. ఆడిన ఆటలో నైపుణ్యం పెరుగుతుంది గానీ, అది రోజువారీ మాటల్లోకి వస్తుందన్న నమ్మకం తక్కువ.

అడిగిన సంగతే గుర్తులేక అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడగడం, రోజూ వెళ్లే దారి తప్పడం, అలవాటైన లెక్కలు చేయలేకపోవడం మొదలైతే మాత్రం ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టును కలవాలి.

ప్రశ్న: మా మామయ్యకు 71 ఏళ్లు. ఒక్కరితో కూర్చుంటే చక్కగా మాట్లాడతారు. పదిమంది చేరితే మాత్రం సంబంధం లేని జవాబులిస్తారు, లేదంటే మౌనంగా ఉండిపోతారు. బుర్ర మందగించిందా?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: బుర్ర సంగతి తర్వాత, ముందు చెవి చూపించండి. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ‘స’, ‘త’, ‘ప’ లాంటి సన్నని శబ్దాలు ముందుగా పోతాయి. గోలలో అన్నది ‘కాలా’, ‘పాలా’, ‘తాలా’ అని ఊహించుకోవడానికే పై జవాబులో చెప్పిన గట్టంతా సరిపోతుంది. అసలు విషయం నిలుపుకోవడానికి చోటుండదు. ఆయన సంబంధం లేని జవాబులివ్వడానికి అదే కారణం కావచ్చు. ఒక్కోసారి చెవిలో గట్టిపడ్డ గులిమి తీయిస్తేనే తేడా తెలుస్తుంది. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోమెట్రీ చేయించి, అవసరమంటే వినికిడి యంత్రం పెట్టించండి. టీవీ కట్టేసి, ముఖంలోకి చూస్తూ, ఒకరి తర్వాత ఒకరు, చిన్న వాక్యాల్లో మాట్లాడండి. అరవకండి. అరిస్తే మాట ఇంకా చెదురుతుంది. ఇవన్నీ చేశాక కూడా ఎదురుగా ఒక్కరే ఉన్నప్పుడు సైతం దారి తప్పుతుంటే, అప్పుడు మెదడు పరీక్షల గురించి ఆలోచిద్దాం.