నీలి నుంచి అనిలిన్ దాకా

విద్యార్థులారా! రసాయనశాస్త్ర పుస్తకంలో 'అనిలిన్' అనే పేరు కనబడగానే అదేదో పరాయి మాట అనుకుంటారు కదూ? నిజానికి అది మన ఇంటి ఆడపడుచే. దూరదేశాలు తిరిగి, వేషం మార్చుకొని పుట్టింటికి వచ్చింది. ఎలాగో చూద్దాం.

సంస్కృతంలో 'నీల' అంటే నల్లని లేక నీలపు రంగు. ఆ రంగునిచ్చే మొక్క 'నీలి'. అరబ్బులు దానిని 'నీల్' అన్నారు. వారి భాషలో ముందు 'అల్' చేరితే అది 'అన్నీల్' అవుతుంది. పోర్చుగీసువారి నోట 'అనిల్' అయింది. 1840 ప్రాంతంలో ఫ్రిట్‌షే అనే రసాయనజ్ఞుడు నీలిమందును కాస్టిక్ పొటాష్‌తో కలిపి వేడిచేయగా నూనెవంటి ద్రవం వచ్చింది. అనిల్ నుంచి వచ్చింది కనుక దానికి 'అనిలిన్' అని పేరు పెట్టాడు.

మరి 'ఇండిగో'? గ్రీకులు ఈ రంగును 'ఇండికోన్' అన్నారు. అంటే 'ఇండియాది' అని అర్థం. మనం రంగును బట్టి పేరు పెట్టాం. కొనుక్కున్నవారు అది వచ్చిన చోటును బట్టి పెట్టారు.

ఇంతకూ నీలి ఆకులో నీలం ఉండదు! అందులో ఉండేది ఇండికాన్ అనే రంగులేని పదార్థం. ఆకును నీటిలో నానబెడితే అది విడిపోయి ఇండాక్సిల్ ఏర్పడుతుంది. ఆ నీటిని బాగా చిలికితే ఇండాక్సిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీలపు ఇండిగోగా మారి అడుగుకు దిగుతుంది.

పురుగు పోయినా పేరు పోలేదు

ముదురు ఎరుపును ఇంగ్లీషులో 'క్రిమ్సన్' అంటారు. ఒకప్పుడు ఆ రంగును కెర్మిస్ అనే చిన్న కీటకాల నుంచి తీసేవారు. మన 'క్రిమి'కి చుట్టమైన పారసీ మాట 'కిర్మ్'. అరబ్బీ 'ఖిర్మిజ్' మీదుగా అదే 'క్రిమ్సన్' అయింది. 'వెర్మిలియన్' కూడా 'చిన్న పురుగు' అనే లాటిన్ మాట నుంచే వచ్చింది. కాని వెర్మిలియన్ అంటే ఇంగిలీకం. అందులో ఉన్నవి పాదరసం, గంధకం, పురుగు లేదు!

బట్టలకు పెట్టే నీలిపొడి సంగతీ అంతే. సంప్రదాయంగా ఆ పొడి నీలి మొక్కది కాదు, 'అల్ట్రామెరైన్'. ఈ మాటకు 'సముద్రానికి ఆవలిది' అని అర్థం. పూర్వం దానిని అఫ్గానిస్థాన్‌లోని బదఖ్షాన్ గనుల రాయి నుంచి చేసేవారు. 1820ల చివర ఫ్రాన్సులో గిమే దానిని కృత్రిమంగా తయారుచేశాడు. మీ ఉపాధ్యాయుని సమక్షంలో, గాలి ధారాళంగా వచ్చే చోట, చిటికెడు అల్ట్రామెరైన్ పొడిపై రెండు చుక్కల సజల హైడ్రోక్లోరికామ్లం వేయించండి. రంగు వెలిసిపోతుంది, కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. ఇండిగో అయితే అలా వెలవదు. పేరు ఒకటే అయినా పదార్థం ఏదో పరీక్షే చెబుతుంది.

మాట వెనుక మనుషులు

1897లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ తారు నుంచి లభించే నాఫ్తలీన్‌తో ఇండిగో తయారుచేసి అమ్మసాగింది. తర్వాత అనిలిన్ నుంచే ఇండిగో చేసే పద్ధతి కూడా వచ్చింది. నీలి పేరు పెట్టుకున్న అనిలిన్ నీలి పొలానికే పోటీ అయింది!

బీహారులోని చంపారన్‌లో రైతులు ప్రతి 20 కఠాల భూమిలో 3 కఠాలు నీలికి విడిచి తీరాలి. దీనినే 'తీన్ కఠియా' అన్నారు. కృత్రిమ రంగు వచ్చి నీలి ధర పడిపోగానే తోటల దొరలు ఆ నష్టాన్ని రైతులపై మోపారు. నీలి సాగు నుంచి విడుదల కావాలంటే సొమ్ము కట్టమన్నారు, కౌళ్ళు పెంచారు. 1917లో గాంధీజీ అక్కడికి వెళ్ళి వేలమంది రైతుల వాఙ్మూలాలు సేకరించారు. 1918లో చట్టం ద్వారా తీన్ కఠియా రద్దయింది.

ఇప్పుడు మీకొక ప్రశ్న. వర్ణద్రవ్యాలలో 'లేక్' అనే తరగతి ఉంది. దానికి సరస్సుతో సంబంధం లేదు. కవరుకు సీలు వేసే ఎర్రని పదార్థాన్ని మన తెలుగులో ఏమంటారో గుర్తు చేసుకోండి. 'లేక్' పుట్టిల్లు ఎక్కడో మీకే తెలుస్తుంది.