గురకను తేలిగ్గా తీసుకోకండి

ఇంట్లో దాదా, నానీ గురక పెడితే నవ్వి ఊరుకుంటాం. గురక మధ్యలో శ్వాస ఆగి, ఉలిక్కిపడి మళ్లీ మొదలైతే అది స్లీప్ ఆప్నియా అనే జబ్బు కావచ్చు.

అమెరికాలో మెదడు పరిశోధకురాలు క్రిస్టీన్ యాఫీ బృందం, మతిమరుపు జబ్బు లేని 298 మంది వృద్ధ మహిళలను దాదాపు ఐదేళ్లు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించింది. నిద్రలో శ్వాస ఆటంకాలున్నవారిలో సుమారు 45 శాతం మందికి, లేనివారిలో 31 శాతం మందికి జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించాయి. నిద్ర తగ్గడం కంటే ఆక్సిజన్ తగ్గడమే ఈ ముప్పుతో ముడిపడి కనిపించింది.

శ్వాస ఆగడమే మతిమరుపు తెస్తుందని ఇది తేల్చలేదు. అయినా ఈ జబ్బుకు పరీక్ష ఉంది, చికిత్స ఉంది. ఒక్క రాత్రి పెద్దల పక్కన కూర్చుని వారి శ్వాస వినండి. ఆగుతోందనిపిస్తే డాక్టరుకు చూపించండి.