చర్మంలో ఎముక

పసిబిడ్డను కాళ్ళమీద వేసుకుని, నూనె రాసి నీళ్ళు పోయడం మనకు కొత్తేం కాదు. అప్పుడు బిడ్డ ఒళ్ళంతా చేతికి తెలుస్తుంది. ఎక్కడ మెత్తన, ఎక్కడ గట్టి అన్నది డాక్టరు కంటే ముందు తల్లి వేళ్ళకే తెలుస్తుంది.

ఒక తల్లి కథ అనుకోండి. బిడ్డకు ఆరో నెల. తొడకు నూనె రాస్తుంటే చర్మం కింద ఏదో గరగరమని తగిలింది. నూకలు పోసినట్టు ఉంది. జ్వరం లేదు. నొక్కితే బిడ్డ ఏడవలేదు. నెల చూసింది. నూకలు పోలేదు, పక్కకు పాకాయి.

ఇంట్లో తలా ఒక మాట అన్నారు.

"గ్రహణం నాడు బయట తిరిగావు, అందుకే" అంది అత్త.

"వాత పెడితే కరిగిపోద్ది" అంది పక్కింటామె.

"పాలు మానిపించు. పాలల్లో సున్నం ఉంటది గదా!" అన్నారు ఇంకొకరు.

ఈ మూడు మాటలూ తప్పే.

ఆ నూకలు నిజంగా ఎముక ముక్కలు కావచ్చు. చర్మంలో ఎముకా అని ఆశ్చర్యపోకండి. మన ఒళ్ళు కణాలతో తయారైంది. గోడకు ఇటుకలెలాగో ఒంటికి కణాలు అలాగ. ఏ కణం ఏ పని చెయ్యాలో, ఏది చెయ్యకూడదో దాని లోపలే రాసి ఉంటుంది. ఆ రాతనే జన్యువు అంటారు. చర్మం, కొవ్వు ఉన్నచోట ఎముక కట్టకుండా ఆపే జన్యువు ఒకటి ఉంది. అది చెడితే అక్కడ కూడా ఎముక కడుతుంది.

ఈ జబ్బు పేరు ప్రోగ్రెసివ్ ఆసియస్ హెటరోప్లేసియా. నోరు తిరగలేదా? నాకూ మొదట తిరగలేదు. ఉండకూడని చోట ఎముక కట్టి, రానురాను ముదిరే జబ్బు అని అర్థం. 1994లో అమెరికాలోని వైద్యులు దీన్ని వేరే జబ్బుగా గుర్తించారు. చెడిన జన్యువు ఏదో 2002లో తెలిసింది. చాలావరకు అది తండ్రి నుంచి వస్తుంది. కొందరిలో ఇంట్లో ఎవరికీ లేకపోయినా కొత్తగా పుడుతుంది. ఇందులో తండ్రి చేసిన తప్పేమీ లేదు. తల్లిని తిట్టడం మాత్రం బొత్తిగా అన్యాయం.

ఇది చాలా అరుదు. మీ మండలంలో ఒక్కరికీ ఉండకపోవచ్చు. మరి పాఠం ఎందుకంటారా? వాతల కోసం, బ్లేళ్ళ కోసం. వాత పెడితే ఎముక కరగదు. పుండు పడి చీము పడుతుంది. పాలు మానిపిస్తే బిడ్డ నీరసిస్తుంది, అంతే.

ఎముక మొదట చర్మంలో ఉంటుంది. తర్వాత కొందరిలో లోపలి కండకు, కీళ్ళకు దిగుతుంది. కీలు బిగుసుకుపోతుంది. ఆ కాలు గానీ చెయ్యి గానీ సరిగా ఎదగదు. పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. చిన్న ముక్కయితే డాక్టర్లు కోసి తీస్తారు. పరుచుకున్నదాన్ని తీస్తే మళ్ళీ రావచ్చు. కీళ్ళు బిగియకుండా ఎలా కదిలించాలో ఆసుపత్రిలో నేర్పుతారు.

దీనికి దగ్గరి జబ్బు ఇంకొకటి ఉంది. అందులో పుట్టుకతోనే కాలి బొటనవేళ్ళు పొట్టిగా, వంకరగా ఉంటాయి. తర్వాత కండల్లో గడ్డలు లేచి ఎముకలవుతాయి. అలాంటి బిడ్డకు గడ్డ కోసినా, కండలోకి సూది వేసినా జబ్బు పెరుగుతుంది. అందుకని బొటనవేళ్ళ సంగతి సూదికి ముందే డాక్టరుకు చెప్పాలి.

అయితే ప్రతి గడ్డకూ భయపడకండి. ఎడమ భుజంమీద బి.సి.జి. టీకా వేసినచోట బొడిపె లేచి, చిన్న పుండై మానుతుంది. తొడమీద టీకా గడ్డ కొన్ని వారాల్లో కరుగుతుంది. ఇవి మామూలే. టీకాలు మీ అంతట మీరు మానిపించకండి.

మన కథలో తల్లి ఏం చేసింది? రాత్రి బడి నోటుబుక్కులో కాగితం చింపి రాసింది. బిడ్డకు ఎన్నో నెల, గట్టిగా ఎక్కడ తగిలింది, ఎప్పుడు మొదలైంది, ఎంత పాకింది, బొటనవేళ్ళు ఎలా ఉన్నాయి. అయిదే ముక్కలు. రెండుచోట్ల ఒత్తులు తప్పు పోయాయి. పెద్దాసుపత్రిలో డాక్టరు ఆ కాగితం చదివి, ఎక్స్‌రే తీయించి, రక్తపరీక్ష రాశారు.

మీరూ ఆ అయిదు ముక్కలు మీ నోటుబుక్కులో రాయండి.