పిల్లి రాత్రి చేష్టలు

బాలలారా! నడిరేయి మీ పెంపుడు పిల్లి చూరువంక ఱెప్పవాల్పక చూచుచున్నచో, దయ్యమును చూచెనని భయపడకుడు. మనిషి చెవి సెకనుకు 20,000కు మించిన కంపనములను వినజాలదు. పిల్లి 60,000 కంపనములను సైతము వినగలదు. చూరులోని ఎలుకపిల్లల సన్నని కూతలు మనకు వినబడకున్నను దానికి వినబడును. కంటిలోని అద్దము వంటి పొర వెలుతురును వెనుకకు మరల్చుటచే మసకచీకటిలోను దానికి చూపానును.

మా యింటి ముసలిపిల్లి యొకప్పుడు రాత్రులందు దీనముగా అరవసాగెను. అపశకునమని దానిని ఊరవతల విడువబోగా మా తల్లి వారించినది. పశువైద్యుడు పరీక్షించి, దానికి చెవుడు వచ్చినదనియు, తన యరపు తనకు వినబడక బిగ్గరగా అరచుచున్నదనియు చెప్పెను. నాటినుండి దానిని రాత్రివేళ మంచము చెంతనే పరుండబెట్టితిమి, అరపు తగ్గినది.

నోరులేని జీవికి చేష్టయే మాట. దానిని శకునముగా గాక విన్నపముగా గ్రహింపుడు.