ఐండ్‌హోవెన్‌లో కాపురం: ముందు బడి, తర్వాత ఇల్లు

ఐండ్‌హోవెన్‌లో మేం చూసిన మొదటి ఇంటికి నేల లేదు. అబద్ధం కాదు. తలుపు తీస్తే కింద ఒట్టి సిమెంటు, పైన కప్పు నుంచి వేలాడుతున్న వైర్లు. చూపించడానికొచ్చిన ఏజెంటు మాత్రం ఏమీ జరగనట్టే "వెలుతురు బాగా వస్తుంది" అన్నాడు. ఆ సాయంత్రం రాజమండ్రికి వీడియో కాల్ చేసి చూపిస్తే మా అమ్మ, "ఇంకా కడుతున్నారా? గృహప్రవేశం ఎప్పుడట?" అంది.

ఆ తర్వాత తెలిసింది. నెదర్లాండ్స్‌లో అద్దె ఇళ్లు మూడు రకాలు. 'కాల్' అంటే బోడి ఇల్లు. పాత అద్దెవాళ్లు పోతూ పోతూ చెక్క నేల, కర్టెన్లు, దీపాలు అన్నీ ఊడబీక్కుని పోతారు, అది వాళ్ల హక్కు. 'ఖెస్టొఫేర్ట్' అంటే నేల, కర్టెన్లు ఉంటాయి, సామాను ఉండదు. 'ఖెమేబిలేర్ట్' అంటే మంచాలు, కుర్చీలతో సహా. ప్రకటనలో అద్దె తక్కువగా కనిపిస్తే ముందు ఈ మాట వెతకండి. బోడి ఇల్లే దొరికితే, పాతవాళ్లు ఖాళీ చేయకముందే మాట్లాడి నేలను వాళ్ల దగ్గరే కొనేయొచ్చు. దానికి 'ఓవర్‌నామె' అని పేరు కూడా ఉంది. మేం నాలుగో ఇంట్లో ఆ పనే చేశాం. ఇంకొకరి నేల మీద కాపురం పెట్టడం మొదట్లో అదోలా అనిపించింది కానీ, పసిపిల్ల పాకడం మొదలెట్టాక ఆ ఆలోచనే రాలేదు.

డిపాజిట్ విషయంలో భయపడకండి. 2023 జూలై 1 నుంచి చేసుకున్న ఒప్పందాల్లో రెండు నెలల అసలు అద్దెకు మించి అడగకూడదని చట్టం. ఇంటాయన తరఫున పనిచేసే ఏజెంటు మీ దగ్గర కమీషన్ తీసుకోకూడదు. ఇంకొకటి మాత్రం బేరమాడకుండా పట్టుబట్టండి: ఆ చిరునామాలో మున్సిపాలిటీ నమోదుకు ఒప్పుకోని ఇల్లు ఎంత చవకైనా వద్దు. మాకు ఒకాయన అలాగే చెప్పాడు, "నమోదు తర్వాత చూద్దాం లెండి" అని. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాదు.

ఎందుకంటే ఇక్కడ జీవితమంతా ఆ నమోదు మీదే నిలబడుతుంది. నాలుగు నెలల కన్నా ఎక్కువ ఉండేవాళ్లు దిగిన ఐదు రోజుల్లో మున్సిపాలిటీకి చెప్పాలి. అపాయింట్‌మెంటు విమానం ఎక్కకముందే తీసుకోండి. అక్కడ బీఎస్ఎన్ అనే నంబరు ఇస్తారు. అది లేనిదే జీతం సరిగా పడదు, ఇన్సూరెన్సు రాదు. దానితో డిజిడి అనే లాగిన్ తీసుకుంటే ప్రభుత్వ పనులన్నీ దాని మీదే నడుస్తాయి. డిజిడి కోడ్ పోస్టులో ఉత్తరంగా వస్తుంది. కాబట్టి లెటర్‌బాక్సు మీద మీ పేరు అంటించడం కూడా కాపురంలో భాగమే.

ఇండియాలో ఉండగానే చేయాల్సిన పని ఒకటుంది, అందరూ వాయిదా వేసేది. ఇంటిల్లిపాదికీ జనన ధ్రువీకరణ పత్రాలు, పెళ్లి సర్టిఫికెట్టు, వాటి మీద అపోస్టిల్ ముద్ర. మన తరంలో చాలామందికి పుట్టినరోజు అంటే టెన్త్ సర్టిఫికెట్టులో ఉన్నదే. ఇక్కడ అది జనన పత్రం కిందికి రాదు. మా ఆయనది పల్లెటూరి పుట్టుక. పంచాయతీ రికార్డుల చుట్టూ, మీసేవ చుట్టూ మా మామయ్యగారు తిరిగిన తిరుగుళ్లు ఒక పుస్తకమవుతాయి. పత్రం తెలుగులో మాత్రమే ఉంటే అధికారిక అనువాదం కూడా కావాలి. ఆడవాళ్లకు ఒక చిన్న ఊరట: పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోలేదేమని ఇక్కడ ఎవరూ అడగరు. డచ్ రికార్డుల్లో ఆడవాళ్లు చచ్చేదాకా పుట్టింటి పేరుతోనే ఉంటారు.

ఇక అసలు సంగతి. మనవాళ్లు ఇల్లు వెతికేటప్పుడు రెండు చూస్తారు: ఆఫీసుకు ఎంత దూరం, తెలుగువాళ్లు ఎక్కడున్నారు. మేమూ అలాగే వెతికాం, మూడు వారాలు పోగొట్టుకున్నాం. నాలుగేళ్ల పిల్లలున్నవాళ్లు మొదట బడి చూడండి. సైకిలు మీద పది నిమిషాల్లో వెళ్లగలిగే బడిలో సీటుందో లేదో ఫోను చేసి అడగండి, ఆ బడి చుట్టూ ఇల్లు వెతకండి. ఆఫీసుకు పెద్దవాళ్లు ఎలాగోలా పోతారు. ఐండ్‌హోవెన్ అంత పెద్ద ఊరేం కాదు. బడి మాత్రం రోజుకు రెండుసార్లు, వానలో కూడా.

ఇక్కడ పిల్లలు నాలుగో పుట్టినరోజు దాటగానే బడికి వెళ్లొచ్చు. ఐదు నిండిన తర్వాతి నెల మొదటి తేదీ నుంచి వెళ్లి తీరాలి. మామూలు డచ్ బడికి ఫీజు లేదు. తల్లిదండ్రుల దగ్గర కొంత చందా అడుగుతారు కానీ అది స్వచ్ఛందం. ఇంటర్నేషనల్ స్కూలుకు వేలల్లో ఫీజు ఉంటుంది. రెండేళ్లలో వెళ్లిపోతామని ఖాయంగా తెలిస్తే సరే. ఉంటామేమో అన్న ఆలోచన ఏ మూల ఉన్నా డచ్ బడిలో వేయండి. నాలుగైదేళ్ల పిల్లలు మామూలు క్లాసులోనే భాష పట్టేస్తారు, ఇంకాస్త పెద్దవాళ్లకు కొత్తగా వచ్చినవాళ్ల భాషా తరగతులుంటాయి. మావాడు మొదటి ఆరు వారాలు బడిలో నోరు విప్పలేదని టీచరు చెప్పింది. ఏడో వారం ఇంట్లో చెల్లెలి మీద డచ్‌లో అరిచాడు.

మధ్యాహ్నం డబ్బాలోకి పులిహోర పెట్టి పంపాను. డబ్బా అలాగే తిరిగొచ్చింది. చుట్టూ అందరూ బ్రెడ్డు మీద వెన్న రాసి, దాని మీద 'హాఖెల్‌స్లాఖ్' అని చాక్లెట్ పలుకులు చల్లుకుని తింటుంటే వాడొక్కడు చెంచా పట్టుకుని ఎలా కూర్చుంటాడు? ఇప్పుడు పులిహోర రాత్రికి. పుట్టినరోజుకి క్లాసంతటికీ ఏదో ఒకటి పట్టుకెళ్లాలి, దాన్ని 'ట్రాక్టాట్సీ' అంటారు. శాకాహారులు ఒక సంగతి గమనించాలి: పిల్లల మెత్తటి మిఠాయిల్లో చాలావరకు జెలటిన్ ఉంటుంది. అవతలి పిల్లల పుట్టినరోజులకు మీ పిల్లలకు ఏమివ్వాలో టీచరుతో ముందే చెప్పి పెట్టుకోండి.

సెలవుల గురించి కాస్త కఠినంగానే చెప్పాలి. ఐదేళ్లు దాటిన పిల్లను సెలవులు కాని రోజుల్లో బడి మాన్పించి ఊరికి తీసుకెళితే జరిమానా పడుతుంది. హాజరు చూడడానికే ప్రత్యేకంగా అధికారులుంటారు. క్రిస్మస్ సెలవులు జనవరి మొదటి వారంలో అయిపోతాయి, సంక్రాంతి ఆ తర్వాత వస్తుంది. అంటే మీ పిల్ల ఐదు నిండకముందు వచ్చే సంక్రాంతే తాతగారింట్లో చివరి భోగిమంట అనుకోండి, టిక్కెట్లు దానికి కొనుక్కోండి. మత సంబంధమైన పండుగకు మాత్రం రెండు రోజుల ముందు బడికి తెలియజేసి ఒక్కరోజు మానిపించొచ్చు. మేం ఆ రోజు దీపావళికి వాడతాం. ఊరికి వెళ్లేది వేసవి సెలవుల ఆరు వారాల్లో, జూలై ఆగస్టుల్లో. మా పిల్లల దృష్టిలో రాజమండ్రి అంటే ఎర్రటి వరద గోదావరి. మామిడిపళ్లు అప్పటికి అయిపోయి ఉంటాయి.

డాక్టరు సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే దీని మీద మనవాళ్లు ఎక్కడ కలిసినా గంటలు మాట్లాడుకుంటారు. ఇంటి దగ్గరి 'హౌస్‌ఆర్ట్స్', అంటే కుటుంబ వైద్యుడి దగ్గర ఆరోగ్యంగా ఉన్నప్పుడే పేరు రాయించుకోండి. చాలాచోట్ల కొత్తవాళ్లను తీసుకోవడం లేదంటారు, వెతకాలి. స్పెషలిస్టు దగ్గరికి నేరుగా వెళ్లే దారి లేదు, ఆయన రాసిస్తేనే. రాత్రిపూట జ్వరమొస్తే ముందు ఫోను, తర్వాతే ప్రయాణం. పారాసెటమాల్ వేసి చూడమంటారు. మొదటిసారి నాకు ఏడుపొచ్చింది, మూడోసారికి వాళ్లడిగే ప్రశ్నలకు జవాబులు నేనే ముందు చెప్పేశాను: ఎంత జ్వరం, నీళ్లు తాగుతోందా, డైపరు తడుస్తోందా. ఇన్సూరెన్సు నాలుగు నెలల్లోపు తీసుకోవాలి, వచ్చిన రోజు నుంచి లెక్కకట్టి ప్రీమియం పడుతుంది, కాబట్టి ఆలస్యం చేసి మిగిల్చేదేం లేదు. ఏడాదిలో మొదటి 385 యూరోలు మన జేబులోంచే. హౌస్‌ఆర్ట్స్ దగ్గరికి వెళ్లడం మాత్రం ఆ లెక్కలోకి రాదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ప్రీమియమూ లేదు, ఈ 385 కూడా లేదు. పిల్లల టీకాల కార్డు చేతి సంచిలో తెచ్చుకోండి.

మీ ఆయనకు, పరాయి దేశాల నుంచి వచ్చే ఉద్యోగులకిచ్చే ముప్పై శాతం పన్ను రాయితీ వస్తే, దానితో ఇంకో లాభం ఉందని చాలామందికి తెలియదు. ఇండియా డ్రైవింగ్ లైసెన్సును పరీక్ష లేకుండానే డచ్ లైసెన్సుగా మార్చుకోవచ్చు, భార్యకు కూడా. అది లేకపోతే మన లైసెన్సు 185 రోజులే చెల్లుతుంది, ఆ తర్వాత ఖరీదైన క్లాసులూ పరీక్షలూ. రాయితీకి ఉద్యోగం మొదలైన నాలుగు నెలల్లో దరఖాస్తు చేస్తే మొదటి రోజు నుంచి వర్తిస్తుంది. నైపుణ్య వీసా మీద వచ్చినవాళ్ల భార్యలకు, భర్తలకు వేరే పర్మిట్ లేకుండా ఉద్యోగం చేసే హక్కుంది. డాలస్‌లో వీసా వల్ల ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్న మా పిన్ని కూతురు ఈ మాట విని ఫోనులో కాసేపు మాట్లాడలేదు.

ఇంతకీ లైసెన్సు కన్నా ముందు కొనాల్సింది సైకిలు. పాతది కొనండి, తాళాలు మాత్రం రెండు, కొత్తవి. పసిపిల్లకు ముందు సీటు, పెద్దవాడికి వెనక సీటు. చీకటి పడితే ముందూ వెనకా దీపాలు తప్పనిసరి. తొక్కుతూ ఫోను పట్టుకుంటే జరిమానా. గొడుగు తెచ్చుకోకండి, ఇక్కడి గాలికి అది తిరగబడుతుంది. వాన ప్యాంటు కొనుక్కోండి. చీర మీద వాన ప్యాంటు వేసుకుని వినాయక చవితి పూజకు వెళ్లినదాన్ని చెబుతున్నాను.

సైకిలొచ్చాక ఆదివారాలు ఇంట్లో ఉండకండి. ఈ ఊరు ఎలా పెరిగిందో చూడండి. 1891లో ఫిలిప్స్ కుటుంబం ఇక్కడ బల్బుల ఫ్యాక్టరీ పెట్టింది, ఊరు దాని చుట్టూ పెరిగింది. పక్కనే వెల్డ్‌హోవెన్‌లో ఉన్న, చిప్పుల తయారీ యంత్రాలు చేసే ఏఎస్ఎంఎల్ కూడా 1984లో ఫిలిప్స్ చెట్టుకు వేసిన కొమ్మే. మనలో చాలామంది ఈ ఊరికి రావడానికి కారణం అదే. ఫిబ్రవరిలోనో మార్చిలోనో వచ్చే కార్నివాల్ రోజుల్లో ఊరి పేరే మార్చేసి 'లాంపెఖాట్' అంటారు, దీపాల బొరియ అన్నమాట. 2006 నుంచి నవంబరులో గ్లో అని వీధుల్లో దీపాల పండుగ జరుగుతుంది, టిక్కెట్టు లేదు. మావాడికి అది దీపావళి రెండో భాగం.

వెల్డ్‌హోవెన్ వైపు వెళితే రోడ్డు కూడలి మీద గాలిలో వేలాడే గుండ్రటి సైకిలు వంతెన, హోవెన్‌రింగ్, కనబడుతుంది. 2012లో తెరిచారు. దాని మీద ఊరికే మూడు చుట్లు తిరిగే హక్కు పిల్లలకుంది. ఇంకో ఆదివారం న్యూనెన్ వెళ్లండి. వాన్ గో 1883 చివరి నుంచి రెండేళ్లు ఉండి, బంగాళాదుంపలు తినే రైతు కుటుంబం బొమ్మ వేసిన పల్లె అది. అటు వెళ్లే దారిలో ఒక ముక్క, పగలు పీల్చుకున్న వెలుగుతో రాత్రి మెరిసే రాళ్లు పొదిగిన సైకిలు బాట. జూన్‌లో పది దాటినా పూర్తిగా చీకటి పడదు, పిల్లలు నిద్రపోతారు. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది, అప్పుడు తీసుకెళ్లండి.

కూరగాయలకు 'టోకో' అనే కొట్లు వెతకండి. అక్కడ 'సోప్రోపో' అని రాసి ఉన్నది మన కాకరకాయ, 'కౌసెన్‌బాండ్' అంటే మూరెడేసి పొడవుండే బొబ్బర కాయలు. ఈ పేర్లు ఒకప్పటి డచ్ వలస సురినామ్ నుంచి వచ్చాయి. 1873లో కలకత్తా నుంచి లల్లా రూఖ్ ఓడలో కూలీలుగా అక్కడికి వెళ్లినవాళ్ల, వారి తర్వాత వెళ్లినవాళ్ల మనవలు, మునిమనవలు ఎంతోమంది 1975 ప్రాంతంలో ఈ దేశం చేరారు. మా కొట్టు ముసలాయన నన్ను 'దీదీ' అని పిలుస్తాడు, అంతకుమించి ఆయన హిందీ నాకు సగమే అర్థమవుతుంది. కాకరకాయలు మాత్రం చేదుగానే ఉంటాయి, ఆ హామీ ఇవ్వగలను.

చుట్టుపక్కలవాళ్లు వాళ్లంతట వాళ్లు రారు. కొత్తగా వచ్చినవాళ్లే అటూ ఇటూ తలుపు తట్టి పేరు చెప్పుకోవాలి. నేను గారెలు పట్టుకెళ్లాను. కాఫీకి పిలుస్తారు, టైము చెప్పి మరీ పిలుస్తారు, ఒక బిస్కట్టు పెడతారు. భోజనానికి ఉండమనరు, నొచ్చుకోకండి. వెళ్లేటప్పుడు ఇక్కడి బ్రబాంట్ యాసలో 'హౌదూ' అంటే ముసలివాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. ఏ డచ్ ఇంట్లోనైనా పుట్టినరోజుల క్యాలెండరు ఒకటుంటుంది, అది టాయిలెట్ గోడ మీద వేలాడుతుంది. ఎందుకక్కడ అని అడిగితే, రోజూ కళ్లపడేది అక్కడేగా అంటారు. మొన్న ఎదురింటావిడ ఇంట్లో చేతులు కడుక్కుంటూ మార్చి పేజీ చూశాను. పన్నెండో తేదీ పక్కన నీలం సిరాతో మావాడి పేరు, ఒక అక్షరం తప్పుతో. దిద్దమని చెప్పలేదు.