నెమ్మదిగా పెరుగు రక్తక్యాన్సరు - మానరాని మాత్ర

వైనతేయ గోదావరి సముద్రమున కలియు చోట ఓడలరేవు గ్రామమున్నది. చేపలవేటకు పోవు మత్స్యకారులు, కొబ్బరితోటలలోను చేపల చెరువులలోను పనిచేయు కూలీలు ఇచ్చట పెక్కుమంది కలరు. వీరి జీవనమంతయు ఒంటి బలముపై ఆధారపడినది. ఇంట సంపాదించు మనిషికి నీరసము కలిగినచో ఎండదెబ్బ యనియో, రక్తము తక్కువైనదనియో తలచి, బలమునకు సూది వేయించుకొని తిరిగి పనిలోనికి దిగుట మన పల్లెలలో వాడుక. చాలమార్లు ఆ ఊహ నిజమే కావచ్చును. కాని అరుదుగా ఆ నీరసము వెనుక నెమ్మదిగా పెరుగు ఒక రక్తక్యాన్సరు దాగియుండును. వైద్యులు దానిని క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనియు, క్లుప్తముగా సి.ఎం.ఎల్. అనియు పిలుతురు.

ఒకప్పుడు ఈ పేరు వినిన కుటుంబము ఆశ వదలుకొనెడిది. నేడు దినమునకు ఒకమారు మింగు మాత్రతో ఈ రోగులలో చాలమంది తమ పనులు తాము చేసికొనుచు బ్రదుకుచున్నారు. ఐనను ఒక ప్రమాదము మిగిలియున్నది. అది రోగి తనకు నయమైనదని తలచి మాత్ర మానివేయుట. ఈ వ్యాసమున మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇదియే.

వ్యాధి యెట్టిది?

మన ఎముకల లోపల మూలుగ కలదు. రక్తములోని ఎర్రకణములు, తెల్లకణములు, ప్లేట్‌లెట్లు అచ్చటనే పుట్టును. శరీరమునకు ఎన్ని కణములు కావలయునో అన్నియే పుట్టునట్లు లోపల ఒక కట్టుబాటు కలదు. కోనసీమ రైతులకు కాలువల లాకులు పరిచితములే గదా. లాకు తలుపు అవసరమునుబట్టి తెరచుకొని, మూసికొనుచుండవలెను. తెరచిన తలుపు అట్లే బిగుసుకొనిపోయినచో నీరు ఆగక పారి చేలను ముంచును. ఈ వ్యాధిలో జరుగునది అట్టిదే. తెల్లకణములు హద్దు లేక పుట్టి, రక్తమును నింపివేయును.

ప్రతి కణములోను వంశలక్షణములను మోయు 46 క్రోమోజోములనెడి సన్నని పోగులుండును. వానిలో తొమ్మిదవ సంఖ్య గల పోగు, ఇరువదిరెండవ సంఖ్య గల పోగు తెగి, తమ ముక్కలను ఒకదానికొకటి మార్చుకొనుటచే ఈ దోషము పుట్టును. ఇది పుట్టుకతో వచ్చునది కాదు. జీవితమధ్యమున మూలుగలోని ఒక కణమునందు సంభవించును. కావున ఇది తల్లిదండ్రుల నుండి బిడ్డలకు రాదు. ఒకరి నుండి మరియొకరికి అంటదు. రోగి తినిన కంచములో తినుటవలనగాని, ప్రక్కన పరుండుటవలనగాని ఎవరికిని హాని లేదు. ఇంట ఒకరికి ఈ జబ్బున్నదని తోబుట్టువుల పెండ్లి సంబంధములు వదలుకొనుట అన్యాయము. 1945లో జపానుదేశమున అణుబాంబుల పాలై బ్రతికినవారిలో ఈ వ్యాధి హెచ్చుగా కనబడినందున, అధికమైన రేడియేషను ఒక కారణమని తెలిసినది. కాని చాలమంది రోగుల విషయమున చెప్పదగిన కారణమేదియు లేదు. అది వారి తప్పు కాదు, పాపఫలము కాదు.

ఈ వ్యాధి సంవత్సరమునకు లక్షమందిలో ఒకరిద్దరికి మాత్రమే వచ్చును. అయినను పాశ్చాత్య దేశములకంటె మన దేశమున ఇది చిన్న వయస్సులోనే, అనగా ముప్పది నలుబది యేండ్ల ప్రాయమున, ఎక్కువగా కనబడుచున్నది. అది సంసారభారము మోయు వయస్సు.

గుర్తించుట యెట్లు?

విడువని నీరసము, కారణము లేక బరువు తగ్గుట, రాత్రులు చెమట పట్టుట, ఎడమ డొక్క క్రింద బరువుగా నుండుట, నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండినట్లగుట దీని లక్షణములు. ప్లీహము పెరుగుటచే ఈ బరువు కలుగును. దీనినే మన పెద్దలు కడుపులో బల్ల పెరిగినదందురు. మలేరియావలనను బల్ల పెరుగును గనుక ఊహతో తేల్చుకొనరాదు. కొందరికి ఏ బాధయు లేకుండ, వేరొక పనికై చేయించిన రక్తపరీక్షలో ఇది బయటపడును.

ఆరోగ్యవంతుని రక్తములో ఘన మిల్లీమీటరునకు నాలుగువేలు మొదలు పదునొకండువేల వరకు తెల్లకణములుండును. ఈ రోగిలో ఆ సంఖ్య లక్షకు మించుట కలదు. మొదటి పరీక్ష కణముల లెక్కయే. అది చిన్న ప్రయోగశాలలలోను జరుగును. అనుమానము కలిగినచో బి.సి.ఆర్.-ఏ.బి.ఎల్. అను పరీక్ష చేసి వ్యాధిని నిర్ధారణ చేయుదురు. తొలిదశలో వ్యాధి కొన్ని సంవత్సరములు మెల్లగా నడచును. చికిత్స లేనిచో అది వేగము పుంజుకొని, తుదకు ప్రాణాంతకమగును. నెమ్మదిగా పెరుగుచున్నది గదా యని ఆలస్యము చేయుట తగదు.

పరిశోధన నడచిన దారి

ఈ వ్యాధిని 1845లో ఎడింబరోలో బెన్నెట్, బెర్లినులో విర్కో అను వైద్యులు వేర్వేరుగా వర్ణించిరి. నూరు సంవత్సరములు గడచినను పాషాణపు మందు, ఎక్స్‌రే కిరణములు తప్ప వేరు సాధనము పెద్దగా లేకుండెను. 1950 తరువాత వచ్చిన బుసల్ఫాన్ మాత్రలు కణముల సంఖ్యను తగ్గించెనేగాని మూలదోషమును తాకలేదు. మూడు మొదలు ఐదు సంవత్సరములలోపల చాలమంది రోగులు మరణించెడివారు. పిమ్మట మూలుగ మార్పిడి వచ్చినది. కాని అందుకు సరిపోలిన దాత దొరకవలెను. వ్యయమును, ప్రమాదమును ఎక్కువ.

రక్తక్యాన్సరును మందుతో లొంగదీయవచ్చునను నమ్మకమును కలిగించినవారిలో మన గోదావరి ప్రాంతపు బిడ్డ ఒకరు కలరు. 1895లో భీమవరమున జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున పనిచేయుచు అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్ మందుల తయారీకి నాయకత్వము వహించిరి. 1948లో బోస్టనునందు సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు, త్వరితముగా పెరుగు రక్తక్యాన్సరు గల పిల్లలకు అమినాప్టెరిన్ ఇచ్చి, తాత్కాలికముగానైనను వ్యాధి తగ్గునని చూపెను. ఆ యేడే సుబ్బారావుగారు దివంగతులైరి. వారి మందు మేము చెప్పుచున్న వ్యాధికి కాదు. కాని దారి తెరచినవారిలో వారొకరు.

1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున నోవెల్, హంగర్‌ఫర్డ్ అను శాస్త్రజ్ఞులు ఈ రోగుల కణములలో పొట్టియైన ఒక క్రోమోజోమును కనుగొనిరి. అది ఇరువదిరెండవది తొమ్మిదవదానితో ముక్క మార్చుకొనుటచే ఏర్పడినదని 1973లో జానెట్ రౌలీ అను విదుషి తేల్చెను. ఆ మార్పు వలన పుట్టు ప్రొటీనే మన లాకు తలుపును తెరచియుంచునదని తరువాత తెలిసినది. ఆ ప్రొటీనును అడ్డగించు మందు ఇమాటినిబ్. బ్రయాన్ డ్రూకర్ అను వైద్యుడు 1998లో దానిని రోగులకిచ్చి పరీక్షింప నారంభించెను. తగినంత మోతాదు పొందిన 54 మందిలో 53 మందికి రక్తకణముల లెక్క సరియైనది. 2001లో అమెరికా ప్రభుత్వము మందునకు అనుమతినిచ్చెను. తొలుత ఈ మందుతోనే చికిత్స ప్రారంభించిన రోగులలో నూటికి 83 మంది పది సంవత్సరముల తరువాతను జీవించియున్నట్లు 2017లో ప్రకటింపబడినది.

మాత్ర మన చేతికి వచ్చిన విధము

మందు కనుగొనబడినంత మాత్రమున పేదవానికి అందదు. కనిపెట్టిన నోవార్టిస్ సంస్థవారి మాత్రల ధర మన దేశమున నెలకు సుమారు 1,20,000 రూపాయలుండెను. ఆ సంస్థ పెక్కుమంది రోగులకు ఉచితముగా మందు ఇచ్చిన మాటయు నిజమే. హైదరాబాదుకు చెందిన నాట్కో సంస్థ 2003లో ఇదే మందును చవుకగా తయారుచేసెను. దేశములో తయారైన మాత్రలు నెలకు ఎనిమిది పదివేల రూపాయలకు లభింపసాగినవి. పిమ్మట పేటెంటు వివాదము చెలరేగెను. రోగులకు సాయపడు క్యాన్సర్ పేషెంట్స్ ఎయిడ్ అసోసియేషన్ వారును, దేశీయ సంస్థలును పేటెంటు దరఖాస్తును ఎదిరించిరి. 2006లో చెన్నై పేటెంటు కార్యాలయము దానిని తిరస్కరించెను. తెలిసిన పదార్థమునకు క్రొత్త రూపమిచ్చినంత మాత్రమున, గుణము హెచ్చినదని చూపనిదే పేటెంటు చెల్లదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. నాటి నుండి చవుక మాత్రకు ఆటంకము తొలగినది.

మాత్ర ఎందుకు మానరాదు?

"మావాడు బాగానే ఉన్నాడు గదండీ, ఇంకా మందెందుకు?" అను ప్రశ్నను మేము గ్రామములలో వినుచుందుము. దీనికి సమాధానము లాకులోనే యున్నది. మాత్ర చెడిన తలుపును నెట్టి మూసియుంచునేగాని దానిని బాగుచేయదు. చేయి తీసినచో తలుపు మరల తెరచుకొనును. ఒంటికి హాయిగా నుండుట మాత్ర పనిచేయుచున్నదనుటకు గుర్తు; మాత్ర అక్కరలేదనుటకు కాదు. తరచుగా మాత్ర తప్పించువారిలో వ్యాధి మందునకు లొంగని స్థితికి చేరుటకు అవకాశము హెచ్చు.

తొలిదశ రోగికి సాధారణముగా దినమునకు 400 మిల్లీగ్రాముల మాత్ర ఇత్తురు. దీనిని భోజనముతో, పెద్ద గ్లాసెడు నీటితో, ప్రతి దినము ఒకే వేళకు వేసికొనవలెను. ఒకనాడు మరచినచో మరునాడు రెండు వేసికొనరాదు. కండ్ల చుట్టు ఉబ్బుట, వికారము, పిక్కలు పట్టుట కలుగవచ్చును. వానికి ఉపాయములు కలవు గనుక వైద్యునికి చెప్పవలెనేగాని తమంతట మానరాదు. పసరు మందులను, పంపరపనస జాతి పండ్లను వైద్యుని అడుగక తీసికొనరాదు. అవి మందు బలమును మార్చవచ్చును. ఈ మందు వాడు స్త్రీలు బిడ్డను కనదలచినచో ముందుగానే వైద్యుని సలహా పొందవలెను.

వేటకు పోవువారు డీజిలు, మంచు, బియ్యముతోపాటు మాత్రలను తడి తగులని డబ్బాలో పెట్టుకొని పోవలెను. తిరిగివచ్చుట ఆలస్యమగునను తలంపుతో నాలుగు మాత్రలు అదనముగా నుంచుకొనుట మేలు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు వేట నిషేధకాలము. అప్పుడు చేతిలో డబ్బాడదు గనుక మందునకు ముందే ఏర్పాటు చేసికొనవలెను. 1996 నవంబరు తుపాను నెరిగిన కోనసీమవారికి దారులు తెగుట యెట్టిదో చెప్పనక్కరలేదు. కావున కనీసము రెండు వారముల మాత్రలు ఇంట నిలువ యుండవలెను.

మూడు నెలలకొకమారు బి.సి.ఆర్.-ఏ.బి.ఎల్. పరీక్ష చేయించుట అవసరము. ఆ లెక్క మూడు నెలలకు నూటికి పదికి, ఆరు నెలలకు ఒకటికి, సంవత్సరమునకు వేయింటికి ఒకటికి దిగవలెను. దిగనిచో డాసాటినిబ్, నిలోటినిబ్ మొదలగు వేరు మాత్రలు కలవు. చాల యేండ్లు వ్యాధిజాడ లేనివారిలో కొందరికి వైద్యులే మందు ఆపి చూచుట కలదు. కాని వారిలో సుమారు సగముమందికి వ్యాధి తిరుగబెట్టును. అందుచే అది తరచు పరీక్షలతో, వైద్యుని కనుసన్నలలో జరుగవలసిన పనియేగాని రోగి స్వంతముగా చేయదగినది కాదు.

తోడు నిలుచుట

దీర్ఘకాలపు వ్యాధికి మందెంత అవసరమో తోడు అంత అవసరము. ఇదే వ్యాధితో మరణించిన మాక్స్ అను యువకుని జ్ఞాపకార్థము 1997లో అమెరికాలో మాక్స్ ఫౌండేషన్ స్థాపింపబడినది. మన దేశమున ఫ్రెండ్స్ ఆఫ్ మాక్స్ అను సంఘము రోగులను ఒకచోట చేర్చి, ధైర్యము చెప్పుచున్నది. పది సంవత్సరములుగా మాత్ర వేసికొనుచున్న రోగి నోట వినిన మాట క్రొత్త రోగికి గొప్ప ధైర్యము. తొమ్మిది, ఇరువదిరెండు సంఖ్యలను గుర్తుచేయుచు సెప్టెంబరు 22ను ప్రపంచ సి.ఎం.ఎల్. దినముగా జరుపుచున్నారు.

ఓడలరేవువారు మొదట తమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో, అమలాపురము ఆసుపత్రికో పోయి రక్తపరీక్ష చేయించుకొనవచ్చును. అనుమానము కలిగినచో కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి, విశాఖపట్టణము అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాదులోని నిమ్స్, మెహదీ నవాజ్ జంగ్ సంస్థలు కలవు. పేద కుటుంబముల క్యాన్సరు చికిత్సకు తోడ్పడు ఆరోగ్యశ్రీ పథకము 2007లో ప్రారంభమై, నేడు ఆంధ్రప్రదేశమున డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేర నడచుచున్నది. తమకు వర్తించు సహాయమేదో ఆసుపత్రిలోని పథకపు సహాయకుని అడిగి తెలిసికొనవలెను.

ఇంట ఇల్లాలు, తల్లి, పడవలో తోటివారు, ఊరిలో ఆశా కార్యకర్త, ఒక్కొక్కరు ఒక్కమాట అడిగిన చాలును: "ఇవాళ మాత్ర వేసుకున్నావా?" ఆ మాట ప్రతి దినము వినబడు ఇంటిలో రోగి పని మానడు, పిల్లల చదువు ఆగదు. ఇట్టి రోగి మీ వీధిలో ఉన్నచో ఆ మాట అడుగు బాధ్యతను నేడే స్వీకరింపుడని మేము కోరుచున్నాము.