తీగలేని మౌసు మాటిమాటికి తెగిపోవుచున్నదా? - పంచాయతీ కార్యాలయమునకు ఒక పాఠము

గ్రామపంచాయతీ కార్యాలయమున ఒకప్పుడు రిజిష్టర్లు, రశీదు పుస్తకములు, రబ్బరు ముద్రయే ముఖ్య సాధనములు. నేడు వాని సరసన కంప్యూటరు చేరినది. 2020 ఏప్రిల్ 24వ తేదీన, జాతీయ పంచాయతీరాజ్ దినోత్సవమునాడు, ఈ-గ్రామస్వరాజ్ విధానము ప్రారంభింపబడినది. గ్రామాభివృద్ధి ప్రణాళికలు, జమాఖర్చులు అందు నమోదగుచున్నవి. చెల్లింపులు డిజిటల్ సంతకముతో జరుగుచున్నవి. ఇట్టి స్థితిలో బల్లపైని చిన్న పరికరమొకటి మొరాయించినను గ్రామపాలన కొంతసేపు కుంటుపడును. అట్టి చిన్న పరికరమే తీగలేని మౌసు.

తాండూరు ప్రాంతమునందలి ఒక గ్రామమున ఈ రచయిత కన్నులార చూచిన సంగతి యిది. నాపరాతి గనిలో పనిచేయు కార్మికుడొకడు తన కుమార్తెను బడిలో చేర్చుటకై జనన ధ్రువపత్రము కొరకు వచ్చెను. కార్యదర్శి వివరములు నింపుచుండగా తెరపైని బాణపు గుర్తు నిలిచిపోయెను. కొంతసేపటికి కదలెను, మరల నిలిచెను. "రేపు రండి" అని చెప్పక తప్పలేదు. మరునాడును అదియే జరిగెను. ఆ కార్మికునికి రెండు దినముల కూలి పోయినది. పంచాయతీ సమావేశమున క్రొత్త మౌసు కొనుటకు తీర్మానము వచ్చినది. ఆ సంవత్సరములో అది మూడవది. అప్పుడొక వార్డు సభ్యురాలు లేచి, "మొదటి రెండును ఏమైనవి?" అని ప్రశ్నించినది. అవి సొరుగులో నుండెను. వేరొక కంప్యూటరునకు అమర్చి చూడగా రెండును చక్కగా పనిచేసినవి! దోషము మౌసులలో లేదు. మరి ఎక్కడ నున్నది? ఆ విషయము ఈ పాఠములో ముందు తేలును.

మౌసు ఎట్లు మాటలాడును?

మౌసును అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్, బిల్ ఇంగ్లీష్ అనువారు 1964లో మొదట తయారుచేసిరి. అది చక్రములుగల చిన్న కొయ్యపెట్టె. దాని తీగ తోకవలె నుండుటచే ఎలుక అను పేరు నిలిచినదని చెప్పుదురు. నేటి తీగలేని మౌసు తోక తెగిన ఎలుక. తీగ చేయు పనిని ఇప్పుడు రేడియో తరంగములు చేయుచున్నవి.

మౌసులో చిన్న ప్రసారిణి యుండును. కంప్యూటరునకు గుచ్చెడు గోరంత ముక్కలో గ్రాహకము, అనగా రిసీవరు, ఉండును. సాధారణముగా మౌసు తన కదలికను సెకనునకు సుమారు 125 సార్లు తెలుపుచుండును. ఇందులకు వాడబడునది 2.4 గిగాహెర్ట్జ్ తరంగశ్రేణి. దీనిని తక్కువ శక్తితో వాడుకొనుటకు మనదేశమున 2005లో లైసెన్సు అవసరము తొలగింపబడినది. ఆ సౌకర్యమే ఒక చిక్కును కూడ తెచ్చినది. వైఫై, బ్లూటూత్, తీగలేని కీబోర్డు, ఇవన్నియు ఆ త్రోవనే నడచుచున్నవి.

వికారాబాదు జంక్షనును తలచుకొనుడు. సికింద్రాబాదు నుండి వాడికి పోవు మార్గమును, పర్లీ వైపు పోవు మార్గమును అక్కడ కలియుచున్నవి. ఒక బండి మార్గమున నున్నచో రెండవది సిగ్నలు వద్ద ఆగవలెను. గాలిలోని తరంగముల త్రోవయు అట్టిదే. మౌసు పంపిన వార్త దారిలో చెడినచో అది మరల పంపును. ఒకటి రెండు చెడిన మనకు తెలియదు. వరుసగా అనేకము చెడినచో బాణపు గుర్తు నిలిచిపోవును. దానినే మనము "మౌసు తెగిపోయినది" అందుము.

మొదట లక్షణమును గుర్తింపవలెను

వైద్యుడు నాడి చూడక మందు ఈయడు. అట్లే మౌసు విషయమునను మొదట లక్షణమును కనిపెట్టవలెను. ఇవి ముఖ్యముగా మూడు విధములు.

ఒకటి: గుర్తు నిలువదు గాని, ఇటునటు గెంతును. ఇది సంబంధము తెగుట కాదు. మౌసు అడుగున నున్న దీపము బల్ల ఉపరితలముపై వెలుగు ప్రసరింపజేయగా, చిన్న కన్ను ఆ ఉపరితలమును చూచుచు కదలికను లెక్కించును. తాండూరు ప్రాంతమున అనేక కార్యాలయములలో నునుపు చేసిన నాపరాతి బల్లలు, అరుగులు కలవు. మిక్కిలి మెరుగు పెట్టిన రాయి, అద్దము అను వానిపై ఆ కన్ను తడబడును. మౌసు క్రింద ఒక దళసరి కాగితమో, పాత అట్టయో పరచిన చాలును. రాతి కోత, పాలిషు యూనిట్లకు చేరువ గ్రామములలో దుమ్ము కూడ ఆ కంటిని కప్పును. మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను.

రెండు: కొంతసేపు వాడక వదలిన తరువాత నిలిచిపోవును; మీట నొక్కిన మేల్కొనును. ఇది పొదుపు నిద్ర. మౌసు తన సెల్లును ఆదా చేసికొనుటకు నిద్రించుట సహజము. అది దోషము కాదు. మీట నొక్కినను మేల్కొననిచో నాలుగవ మెట్టు చూడుడు.

మూడు: పనిచేయుచుండగనే నిలిచి, కదలి, మరల నిలుచును. అసలు వ్యాధి యిదియే. క్రింది మెట్లు దీనికొరకే.

ఒక నియమము ముఖ్యము. ఒకేసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. సెల్లు మార్చి, రిసీవరు మార్చి, వైఫై ఆపి, అన్నియు ఒక్కమారే చేసినచో బాగుపడినను దేనివలన బాగుపడినదో తెలియదు. రేపు మరల వచ్చినపుడు కథ మొదటికి వచ్చును. ఒక కాగితముపై తేది, వేళ, చేసిన మార్పు, ఫలితము వ్రాసికొనుట మేలు.

మొదటి మెట్టు: సెల్లు

క్రొత్త ఆల్కలైన్ సెల్లు బలము 1.5 వోల్టులు. వాడగా అది తగ్గును. బలము తగ్గిన సెల్లు మౌసు దీపమును వెలిగింపగలదు గాని తరంగములను నిలకడగా పంపలేకపోవును. కావున దీపము వెలుగుచున్నదని సెల్లు బాగున్నదనుకొనరాదు. మీటరుతో కొలిచినను, భారము లేనప్పుడు నీరసించిన సెల్లు కూడ మంచి అంకెను చూపవచ్చును. సందేహ నివృత్తికి సులభోపాయము క్రొత్త సెల్లు వేసి చూచుటయే. రెండు సెల్లులు వేయు మౌసులో పాతదానిని క్రొత్తదానిని కలిపి వేయరాదు. సెల్లు గదిలోని తీగచుట్ట తుప్పు పట్టినదేమో, వదులైనదేమో చూచి, పొడిగుడ్డతో తుడువవలెను.

రెండవ మెట్టు: రిసీవరు చోటు

పైన చెప్పిన గ్రామములోని రహస్యము ఇక్కడ బయటపడినది. అక్కడి రిసీవరు కంప్యూటరు పెట్టెకు వెనుక ప్రక్కన, ఇనుప బల్ల క్రింద, గోడకు ఆనుకొని యుండెను. రేడియో తరంగములకు ఇనుము అడ్డుగోడ. అంతే కాదు. దాని ప్రక్కనే నీలిరంగు రంధ్రమున దస్తావేజుల నకళ్లు దాచు హార్డుడిస్కు గుచ్చబడి యుండెను.

నీలిరంగు రంధ్రములు సాధారణముగా యూఎస్‌బీ 3 అను వేగవంతమైన రకమునకు చెందినవి. ఆ రకపు పరికరములు, తీగలు పనిచేయునప్పుడు వెలువడు విద్యుద్ధ్వని 2.4 గిగాహెర్ట్జ్ శ్రేణిలోనికి వ్యాపించి, చేరువనున్న తీగలేని పరికరములకు అడ్డుతగులునని ఇంటెల్ సంస్థ 2012లో ఒక పత్రమున వివరించినది. సంతలో ఇద్దరు చెవిలో మాటలాడుకొనుచుండగా ప్రక్కన తప్పెట మ్రోగినట్లగును.

నివారణ సులభము. రిసీవరును ముందు ప్రక్కనున్న రంధ్రమునకు, వీలైనచో నల్లని రంధ్రమునకు మార్చవలెను. హార్డుడిస్కును, పెన్‌డ్రైవును దానికి దూరముగా గుచ్చవలెను. ముందు రంధ్రము లేనిచో, మూరెడు పొడవు యూఎస్‌బీ పొడిగింపు తీగను గుచ్చి, దాని కొనకు రిసీవరు నమర్చి, బల్లపైకి తెచ్చి మౌసునకు ఎదురుగ నుంచవలెను. ఆ గ్రామమున ఇట్లు చేసినంతనే పాత మౌసు మరల నిలువక పనిచేసినది. మూడవ మౌసు కొను తీర్మానము రద్దయినది.

మూడవ మెట్టు: ఇరుగుపొరుగు పరికరములు

వైఫై పెట్టె రిసీవరునకు ఆనుకొని యున్నచో దానిని కొన్ని అడుగుల దూరము జరుపవలెను. ఆ పెట్టెయందు 5 గిగాహెర్ట్జ్ సౌకర్యమున్నచో కంప్యూటరును దానికి కలిపిన 2.4 త్రోవపై రద్దీ తగ్గును. సెల్‌ఫోను హాట్‌స్పాటును బల్లపై మౌసు ప్రక్కనే ఉంచరాదు.

కొందరు దూరపు కారణములను శంకింతురు. మన వికారాబాదు జిల్లాలో, దామగుండము అటవీప్రాంతమున, భారత నౌకాదళపు రాడారు కేంద్రమని పలువురు పిలుచుచున్న రేడియో కేంద్రమునకు 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగినది. అది నిజమునకు రాడారు కాదు. సముద్ర గర్భమందలి జలాంతర్గాములకు వార్తలు పంపుటకు ఉద్దేశింపబడిన అతి తక్కువ పౌనఃపున్యపు కేంద్రము. ఆ శ్రేణి 3 నుండి 30 కిలోహెర్ట్జ్. దాని తరంగము పొడవు పది కిలోమీటర్లకు తక్కువ కాదు. మౌసు తరంగము పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. రెండింటి త్రోవలు వేరు. మౌసు తెగుటకు కారణము కొండల ఆవల లేదు. తరచుగా మూరెడు దూరములోనే యుండును.

నాలుగవ మెట్టు: విద్యుత్తు పొదుపు

కరెంటు పోయి లాప్‌టాపు తన బ్యాటరీపై నడచునప్పుడే మౌసు తెగుచున్నదా? అట్లయిన కంప్యూటరే శక్తిని ఆదా చేయుటకై రిసీవరునకు విద్యుత్తును ఆపుచున్నదని శంకింపవచ్చును. విండోస్ కంప్యూటరున డివైస్ మేనేజరు తెరచి, యూఎస్‌బీ రూట్ హబ్ అను దానిపై రెండుమార్లు నొక్కి, పవర్ మేనేజ్‌మెంటు పుటలో "శక్తి ఆదాకై ఈ పరికరమును ఆపుటకు కంప్యూటరునకు అనుమతి" అను అర్థముగల గడియందలి టిక్కును తీసివేయవలెను. రూట్ హబ్‌లు ఒకటికంటె ఎక్కువ యున్నచో ప్రతిదానికి అట్లే చేయవలెను. ఇది తెలిసిన ఆపరేటరు సమక్షమున చేయుట మంచిది.

ఐదవ మెట్టు: బ్లూటూత్ మౌసు

కొన్ని మౌసులకు రిసీవరు ముక్క యుండదు. అవి కంప్యూటరులోని బ్లూటూత్‌తో నేరుగా జతపడును. ఇట్టివి తెగుచున్నచో, బ్లూటూత్ జాబితా నుండి మౌసు పేరును తొలగించి, మౌసు అడుగు మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టి, క్రొత్తగా జతచేయవలెను. అదే మౌసు ఇదివరలో వేరొక లాప్‌టాపునకో ఫోనుకో జతపడి యుండిన, అచ్చట బ్లూటూత్ ఆపవలెను. ఫలింపనిచో బ్లూటూత్ డ్రైవరును నవీకరింపవలెను.

ఆరవ మెట్టు: మార్పిడి పరీక్ష

ఇన్నియు చేసినను తగ్గనిచో మౌసును, దాని రిసీవరుతో సహా, వేరొక కంప్యూటరునకు అమర్చి అరగంట వాడి చూడవలెను. అక్కడను తెగినచో దోషము మౌసుది. వారంటీ గడువు చూచి మార్పించుకొనవలెను. అక్కడ బాగున్నచో దోషము కంప్యూటరుదో, దాని చుట్టుప్రక్కలదో అగును. క్రొత్త మౌసు కొనుట వ్యర్థము. క్రొత్త మౌసు కొనుటకు తీర్మానించు ముందు ఈ పరీక్ష జరిగినదా యని అడుగుట ప్రతి సభ్యుని విధి.

పని నిలువరాదు, సంతకము చేయి దాటరాదు

మౌసు మొరాయించిన దినమున కొందరు తొందరపడి డిజిటల్ సంతకపు తాళమును, దాని రహస్య సంఖ్యను పట్టణములోని ఇంటర్నెట్టు దుకాణమునకు పంపుదురు. ఇది మిక్కిలి ప్రమాదము. ఖాళీ చెక్కుపై సంతకము చేసి ఇచ్చుటకు దీనికి భేదము లేదు. మౌసు ఖరీదు కొన్ని వందలు. సంతకము వెనుక నున్నది గ్రామపు సొమ్మంతయు. బాణపు గుర్తు గెంతుచుండగా చెల్లింపును ఆమోదించుటయు తగదు. ఒక గడికి బదులు వేరొక గడి నొక్కబడవచ్చును. మరియు రిసీవరును తీసి మార్చునప్పుడు, దాని ప్రక్కనున్న సంతకపు తాళమును పొరబాటున లాగకుండ చూచుకొనవలెను.

ఇందులకు మంచి ఉపాయము కార్యాలయమున తీగగల మౌసు నొకదానిని ఎల్లప్పుడు సిద్ధముగ నుంచుట. దానికి సెల్లు అక్కరలేదు, తరంగముల చిక్కు లేదు. అదియు లేనివేళ కీబోర్డునే వాడవచ్చును. టాబ్ మీటతో గడి నుండి గడికి పోవచ్చును. ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మీటలను కలిపి నొక్కి అంగీకరించినచో, ప్రక్కనున్న అంకెల మీటలతోనే బాణపు గుర్తును నడపవచ్చును.

వాడి పారవేయు సెల్లులను, చెడిన మౌసులను డంపింగు యార్డులో వేయరాదు, కాల్చరాదు. బ్యాటరీ వ్యర్థముల నియమములు 2022లో వచ్చినవి; ఎలక్ట్రానిక్ వ్యర్థముల క్రొత్త నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. వీనిని ఒక డబ్బాలో వేరుగ చేర్చి, అధీకృత సేకరణదారులకు అప్పగింపవలెను.

ఆ గ్రామపు కార్మికుడు మూడవ దినమున తన కుమార్తె ధ్రువపత్రము నందుకొనెను. దానికి క్రొత్త మౌసు కావలసి రాలేదు. ఒక సభ్యురాలు అడిగిన చిన్న ప్రశ్న కావలసివచ్చినది. కారణమును వెదకిన పిమ్మటనే ఖర్చు చేయుట మౌసునకే గాక, చేతిపంపునకు, వీధిదీపమునకు, నీటి మోటారునకు కూడ వర్తించు పాఠము.

చర్చకు ప్రశ్నలు

1. మీ కార్యాలయమున మౌసు రిసీవరు ఎక్కడ గుచ్చబడినది? దాని ప్రక్కన ఏ పరికరములు కలవు?

2. గుర్తు గెంతుటకును, నిలిచిపోవుటకును కారణములలో భేదమేమి?

3. గత సంవత్సరము మార్చిన పరికరములలో మార్పిడి పరీక్ష జరిగినవి ఎన్ని?

4. డిజిటల్ సంతకపు తాళము మీ పంచాయతీలో ఎవరి అధీనమున, ఎట్లు భద్రపరచబడుచున్నది?